మూడు వైపుల అట్ట

ప్రజాస్వామ్యంలో అన్నిటికన్నా దండగమారి ఖర్చు ఏదో తెలుసా? జీతాలు కాదు. మీటింగుల్లో తాగే టీలు కాదు. ఓటేసే బల్ల మీద మూడు వైపులా నిలబెడతారే, ఆ అట్ట!

ఈసారి మా ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో దాన్ని తీసేశారు. తీయించింది మా అన్నయ్య. తమ్ముణ్ణి కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. బాగా ఆలోచించే చెబుతున్నాను, ఇంత మంచి పని మా ఊళ్లో ఇంతవరకూ జరగలేదు.

మా దగ్గర ఎన్నికల ఖర్చు కౌన్సిలే పెట్టుకోవాలి. కౌన్సిల్ దగ్గర డబ్బుల్లేవు. ఎందుకు లేవని అడక్కండి, ఆఫీసు ముందు కట్టిన ఫౌంటెన్ చూడండి. అందులో నీళ్లు కూడా లేవు. వాటికి వేరే నిధులు రావాలట. అన్నయ్య మా వార్డు సభ్యుడు, పైగా ఆర్థిక సంఘం అధ్యక్షుడు. గుమాస్తా ఎన్నికల అంచనా కాగితాలు ఇంటికే పట్టుకొచ్చాడు. అన్నయ్య ఎర్ర పెన్ను మూత తీశాడు.

మొదట ఓటర్ల జాబితాకి కొత్త కాగితం కొట్టేశాడు. బడిలో మిగిలిపోయిన పరీక్ష పేపర్ల వెనకాల అచ్చేశారు. మా పక్కింటాయన పేరున్న కాగితం తిప్పితే ‘ఖాళీలు పూరింపుము’ అని ఉంది. ఆయన పోయి మూడేళ్లయింది కాబట్టి అందులో తప్పేమీ లేదు.

సిబ్బందికి శిక్షణ తీసేశాడు. పోలింగ్ రోజున ఓటర్లే సిబ్బందికి నేర్పారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఇది కాదా? బల్లలూ కుర్చీలూ అద్దెకి తేవడం మానేసి ఒకటో తరగతి బెంచీలే ఉంచారు. పోలింగ్ ఆఫీసరు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. ప్రజల ముందు అధికారి అంత ఒదిగి ఉండటం మీరెక్కడైనా చూశారా!

చివరికి అన్నయ్య అట్టల దగ్గరికొచ్చాడు.

“ఇదేంటయ్యా, అట్టముక్కలక్కూడా డబ్బులా?”

“రహస్య ఓటు కదండీ...” అని నసిగాడు గుమాస్తా.

“ఏం, దొంగతనం చేస్తున్నారా దాక్కోడానికి? మంచి పనే కదా చేసేది, నలుగురి ముందూ చెయ్యమను!”

టీ గ్లాసులు పెడుతున్న మా వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ గ్లాసు కూడా కింద పెట్టి లోపలికెళ్లిపోయింది.

వదిన గురించి మీకు చెప్పాలి. ఓటేయడానికి ఆవిడకి నాలుగు నిమిషాలు పడుతుంది. మా వార్డులో అందరికీ తెలుసు. ఆవిడ అట్ట వెనక్కి వెళ్లిందంటే లైన్లో ఉన్నవాళ్లు కాళ్లు మార్చుకుని నిలబడతారు. ఉండేది రెండు గుర్తులు, వేసేది ఒక ముద్ర. నాలుగు నిమిషాలు ఏం చేస్తుంది?

మనస్తత్వ శాస్త్రం పుస్తకాలు నాలుగు తిరగేసినవాణ్ణి కాబట్టి నేను దీని గురించి చాలా ఆలోచించాను. మా ఇంట్లో వంటింటికి తలుపు లేదు. స్నానాల గదికి ఉంది కానీ, ఆవిడ లోపలికెళ్లగానే ఎవరో ఒకరికి కత్తెరో, కళ్లజోడో కనబడకుండా పోతుంది. తలుపు బయటి నుంచే అడుగుతాం. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ ఎటు చూస్తోందో, ఏమనుకుంటోందో ఎవరో ఒకరు కనిపెట్టుకునే ఉన్నాం. అలాంటి మనిషికి ఐదేళ్లకోసారి మూడు వైపులా అట్ట! ఒక గృహిణికి అంత విలాసం అవసరమా? అదీ ప్రజల సొమ్ముతో?

పైగా బయటికొచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూడాలి. పాడుకుంటున్న పాట ఎవరో వస్తుంటే టక్కున ఆపేసినట్టు ఉంటుంది.

“ఎవరికేశావ్?” అని అన్నయ్య ప్రతిసారీ అడుగుతాడు.

“మీరు చెప్పినవాళ్లకే.”

కూరలో ఉప్పేశావా అంటే వేశాననే గొంతు. అన్నయ్య తృప్తిగా తల ఊపుతాడు.

ఈసారి అన్నయ్య మీద ఒక రిటైర్డ్ నర్సు నిలబడింది. ఆవిడ గుర్తు బక్కెట్, అన్నయ్యది కుర్చీ. మూతబడిన వార్డు క్లినిక్ తెరిపిస్తానంటూ నర్సు ఇంటింటికీ తిరిగింది. మా ఇంటికి కూడా వచ్చింది, ధైర్యం చూడండి! వదినతో గుమ్మం దగ్గర పది నిమిషాలు మాట్లాడింది. ఏం మాట్లాడిందని అన్నయ్య అడిగితే, మోకాళ్ల నొప్పుల గురించని చెప్పింది వదిన.

పోలింగ్ రోజున గది మధ్యలో బోసిగా పంతులుగారి బల్ల, దాని మీద ముద్ర. అభ్యర్థి లోపల కూర్చోవచ్చని నిబంధన ఉంది కాబట్టి అన్నయ్య ఎదురుగా ఒకటో తరగతి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ పక్కనే నర్సు కూర్చుని ఏదో అల్లుకుంటోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే అన్నయ్యకి నమస్కారం పెట్టి, కుర్చీ మీద ముద్ర గుద్ది, కాగితం ఆయనకి కనబడేలా మడిచి మరీ వెళ్లారు. మా టైలరు “సరిగ్గా పడిందా సార్?” అని అడిగాడు కూడా. నా సంగతా? నేను అన్నయ్య కళ్లలోకి చూసి నవ్వుతూ వేశాను. నవ్వడం నిబంధనల్లో లేదు, అది నా సొంత చేర్పు.

వదిన వచ్చింది. బల్ల ముందు నిలబడింది. అన్నయ్య చూశాడు, నేను చూశాను, పోలింగ్ ఆఫీసరు మోకాళ్ల మధ్య నుంచి చూశాడు. పదకొండు సెకన్లు! నేను గడియారం పెట్టుకుని చూశాను. నాలుగు నిమిషాలెక్కడ, పదకొండు సెకన్లెక్కడ! అట్ట లేకపోతే పని ఎంత చురుగ్గా సాగుతుందో మీరే చెప్పండి.

అన్నయ్య గెలిచాడు. నర్సుకి తొమ్మిది ఓట్లు వచ్చాయి.

ఇంక సంతోషంగా ఉండాలా, వద్దా? మర్నాడు ఇంటి నిండా జనం. చెయ్యి కలిపిన ప్రతివాడి ముఖంలోకీ అన్నయ్య ఏదో పోగొట్టుకున్నట్టు చూస్తున్నాడు. అందరూ వెళ్లాక నన్ను పక్కకి పిలిచాడు.

“ఒరేయ్, ఆ తొమ్మిది మందీ నిజంగా ఆవిడకే వేశార్రా.”

“అవును. అందరం చూశాంగా!”

“మరి నాకు నిజంగా వేసింది ఎంతమంది?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు.

“నువ్వు?” అన్నాడు.

“భలేవాడివే! నీ కళ్లెదుటే కదా వేశాను.”

“అదేరా నా బాధ!”

లేచి వంటింటి గుమ్మం దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా అడిగిన ప్రశ్నే, కానీ ఈసారి గొంతు వేరేగా ఉంది.

“ఏమోయ్, నిజం చెప్పు. అట్ట ఉండి ఉంటే నాకే వేసేదానివా?”

వదిన గ్లాసులు కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

“ముందు అట్ట పెట్టించండి. అప్పుడు చెబుతాను.”

సోమవారం అన్నయ్యతో పాటు నేనూ కౌన్సిల్ ఆఫీసుకెళ్లాను. అట్టల సంగతి ఎత్తగానే గుమాస్తా బిత్తరపోయి, తర్వాత వినయంగా ఫైలు తెరిచాడు.

“మీరే కొట్టేశారు కదండీ. సరే, వచ్చే ఎన్నికలకి ఎన్ని రాయమంటారు?”

“అప్పటిదాకా ఆగలేనయ్యా. ఇప్పుడే కావాలి. ఒక్కటి చాలు.”

“ఏ బూత్‌కండీ?”

అన్నయ్య అటూ ఇటూ చూసి, బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి చెప్పాడు.

“మా వంటింటికి.”