మా డాక్టరుకు లైసెన్సు ఎందుకండీ?

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వాలట! ఈ ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, లైసెన్సు లేని మెకానిక్కును మించిన వరం ఈ లోకంలో లేదని నేను ఎక్కడైనా నిలబడి వాదిస్తాను.

మా వీధి చివర కంప్యూటర్ల కొట్లో ఒకాయన ఉన్నాడు. అందరం డాక్టరు అంటాం. ఏం చదివాడో మేం అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడిగితే నమ్మకం పోదూ? మాన్యువల్ మొదటి పేజీ దాటడు. ఆ మాటకొస్తే ఏదీ చివరిదాకా చదవడు. "మిగతాది అనుభవమే చెప్తుంది సార్" అంటాడు.

లైసెన్సున్న వైద్యుడు రోగానికో మందు రాస్తాడు. మా డాక్టరు దగ్గర అన్నింటికీ ఒకటే మందు, ఫార్మాట్. తెర వెలగకపోయినా అదే, ఫ్యాను మోత పెట్టినా అదే. ఎదురింటి లెక్కల మాస్టారు కీబోర్డులో టీ ఒలికిందని తీసుకెళ్తే దానికీ ఫార్మాటే కొట్టాడు. టీ అలాగే ఉంది, ఇరవయ్యేళ్ళ ప్రశ్నపత్రాలు పోయాయి. పిల్లలు ఎంత సంతోషించారో! పైగా మిగిలిన మూడు స్క్రూలు మాస్టారి చేతిలో పెట్టి, "కంపెనీవాళ్ళు ఎప్పుడూ ఎక్కువే పెడతారు సార్" అన్నాడు. ఇంత నిజాయితీ ఏ సర్టిఫికెట్ నేర్పుతుంది?

మా ఆవిడ కుట్టుపని నేర్పే టీచరు. పదకొండేళ్ళుగా ఒక పుస్తకం రాస్తోంది. కాలరు కత్తిరించడం దగ్గర్నుంచి చంక కింద పట్టేయకుండా చెయ్యి అతకడం దాకా, ప్రతి కొలతా తనే కుట్టి చూసి రాసింది. ఒక్క అధ్యాయం మిగిలి ఉందనగా లాప్‌టాప్ మూగబోయింది. కాపీ లేదు. నేనే స్వయంగా తీసుకెళ్ళి డాక్టరు బల్లమీద పెట్టి వచ్చాను.

నిన్న వెళ్తే అది పొట్ట విప్పి ఉంది. స్క్రూలు టీ సాసర్లో ఉన్నాయి.

"ఫార్మాట్ కొట్టేద్దామా సార్?"

"వద్దు నాయనా, అందులో మా ఆవిడ పుస్తకముంది."

"ఫైళ్ళు తీయొచ్చు గానీ టైం పడుతుంది. మీరు పేపర్లో రాస్తుంటారుగా, ఈలోగా ఆ లైసెన్సు వద్దని గట్టిగా రాయండి. అది చూశాక మీ పని చూస్తా" అన్నాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ మెడలోని టేపు తీసి చుట్టి పెట్టేసింది. "కాలరు సంగతి మళ్ళీ రాయగలను. ఆ చేతుల అధ్యాయం మాత్రం ఇక నావల్ల కాదండీ" అంది. అందుకే కాగితం మీద చేత్తో రాస్తున్నాను. లైసెన్సు వద్దు, పరీక్ష వద్దు, డాక్టరుగారు వర్ధిల్లాలి!

ఈపాటికి ఆయన మొదటి పేరా చదివేసి, మురిసిపోయి, పేపరు మడిచి పక్కన పెట్టేసి ఉంటాడు. కనుక ఇక మనం మనం మాట్లాడుకుందాం. పెట్టండి మహాప్రభో, లైసెన్సు పెట్టండి! పరీక్షలో ఒకే ఒక్క ప్రశ్న చాలు: చెరిపేముందు, ఇందులో ఏముందని అడుగుతావా, అడగవా?

మీలో ఎవరైనా ఆ కొట్టుకు వెళ్తే ఈ చివరి రెండు పేరాలు మాత్రం ఆయనకు చదివి వినిపించకండి. మా ఆవిడ పుస్తకం ఇంకా ఆ బల్లమీదే ఉంది.