చిలకమ్మ కుటుంబం

ఆ ఏడు వానలు తెరిపి లేకుండా కురవడంతో పాడేరు పైనున్న నీటిగొంది ఊరివాళ్ల వీపుల మీద నాచులాంటి లివర్‌వర్ట్ మొక్కలు మొలిచాయి, వాటిని వర్గీకరించడానికి ప్రభుత్వం ఒక అధికారిని పంపింది.

గోరుకన్నా చిన్న ఆకులు. ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి, రెండు వరుసలు. తడి బెరడు మీద పెరిగేవి మనుషుల మీద పెరిగాయి. నొప్పి లేదు కాబట్టి జనం వాటితోనే సంతకు వెళ్లొచ్చారు.

అధికారి సత్యానందం గారు బడి వరండాలో భూతద్దం పట్టుకుని కూర్చున్నారు. వేడి దేశాల అడవుల్లో ఇవి వేల రకాలనీ, పైకి అన్నీ ఒకటిగానే కనిపిస్తాయనీ, కాడను తిరగేస్తేనే తేడా తెలుస్తుందనీ ఓపికగా చెప్పారు. కొన్నింటికి అడుగున ఇంకో వరుస బుల్లి ఆకులుంటాయి. కొన్నింటికి ఉండవు. మొక్కకో లెక్క, మనిషికో లెక్క పెట్టే వీలు లేదు కనక మొక్క ఏ కుటుంబమైతే మనిషిదీ అదే కుటుంబమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

చిలకమ్మ మొక్కకు అడుగాకులున్నాయి. కూతురు పూర్ణ మొక్కకు లేవు.

"మీరిద్దరూ ఒక కుటుంబం కాదమ్మా," అన్నారాయన.

చిలకమ్మ పూర్ణ చెయ్యి పట్టుకుంది. "ఏటి బాబూ ఆ మాట? నా కడుపున కన్నాను దీన్ని."

"కన్నారు. నేను కాదనడం లేదు."

"మళ్లీ సూడండి సారూ, ఉంటాయేమో," అంటూ పూర్ణ వంగి వీపు చూపించింది. ఆయన దయగల మనిషి. మళ్లీ చూశారు. లేవు.

పూర్ణను దిగువ వీధిలో, అడుగాకులు లేని వాళ్లింటికి మార్చారు. చిలకమ్మ పిల్ల చెయ్యి వదల్లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లే ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. "వొదిలెయ్యే, అది మనది కాదంటన్నారు కదా," అని ఓదార్చారు కూడా. ఆ రోజంతా చిలకమ్మ ఖాళీ చేతిని చూసుకుంటూ గుమ్మంలోనే కూర్చుంది. తర్వాత కొన్నాళ్లు దిగువ వీధికి వెళ్లి పిలిచింది. ఆ ఇంటివాళ్లు తలుపు తియ్యలేదు. ఆ తర్వాత వెళ్లడం మానేసింది.

వానలు వెలిశాయి. ఎండలకు ఆకులు వాడి, ఎండి, అందరి వీపుల నుంచీ రాలిపోయాయి. వర్గీకరణ మాత్రం ఉండిపోయింది.

వేసవిలో ఒకరోజు నెత్తిన కట్టెల మోపుతో వెళ్తున్న పూర్ణ, చిలకమ్మ ఇంటి ముందు ఆగింది. గుమ్మానికి దూరంగానే నిలబడింది.

"దాహంగా ఉందండి. రవ్వన్ని నీళ్లు పొయ్యండి."

చిలకమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఎండకు నల్లబడింది, చిక్కిపోయింది. లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. ఎలా ఇవ్వాలో, ఎలా పుచ్చుకోవాలో ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు. పూర్ణ మోపు దించి, వంగి దోసిలి పట్టింది. చిలకమ్మ చెంబు తగలకుండా, పైనుంచి పోసింది.