పుటప్ అయిన దరఖాస్తు

ఇంగ్లీషువాళ్లు ఈ దేశానికి వదిలిపోయిన క్రియలన్నింటిలోకీ మహత్తరమైనది 'పుటప్' అని సమస్త కార్యాలయాలూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటాయి. నిఘంటువులో దానికి చాలా అర్థాలున్నాయి. ఎమ్మిగనూరులోని తరగతిగదుల స్థానమార్పిడి కార్యాలయంలో మాత్రం ఒక్కటే. (నిఘంటువు రాసినవాళ్లు ఆ కార్యాలయం మెట్లెక్కి ఉండరు, అదృష్టవంతులు.)

ఆదోనిలో పరుపులు కుట్టే ముస్తాక్‌కు ఈ సంగతి తెలియదు. అతని కూతురు ఖుష్బూకు పుట్టుకతోనే కాళ్లలో బలం లేదు. మూడో తరగతేమో మేడ మీద. రోజూ పొద్దున పిల్లను భుజాన వేసుకుని ఇరవై రెండు మెట్లెక్కుతాడు, సాయంత్రం దింపుతాడు. మధ్యలో ఒంటికి పోవాలంటే దిగలేక ఆ పిల్ల బడిరోజుల్లో నీళ్లు తాగడం మానేసింది. అది తెలిసిన రోజే ముస్తాక్ తరగతిని కిందికి దించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. కింద గది ఉంది. అందులో విరిగిన బెంచీలున్నాయి. అవి మెట్లెక్కలేవు కనుక దయతలచి వాటికి కింద గది కేటాయించారు.

అధికారి అయ్యన్న దరఖాస్తు చదివి, జాలిపడి, పచ్చ సిరాతో 'పుటప్' అని రాశాడు. వివరాలు జతచేసి తన ముందు పెట్టమని ఆయన ఉద్దేశం. కొత్తగా చేరిన అటెండరు శేషప్ప అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. పుట్ అంటే పెట్టు, అప్ అంటే పైన. తీసుకెళ్లి బీరువా పైన పెట్టాడు.

మూడు నెలలకు ముస్తాక్ కార్యాలయానికి వెళ్లి శేషప్పను అడిగాడు.

"నా కాగితం యాడుందన్నా?"

"పైన ఉందన్నా."

పైన అంటే పెద్దాఫీసులో అనుకుని ముస్తాక్ ఆదోని దాకా బస్సులో అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు. మరో రెండు నెలలకు బీరువా మీద తన కాగితాన్ని తానే గుర్తుపట్టాడు.

"దించన్నా, నీకు పుణ్యముంటాది."

"పైన పెట్టమని రాసినారు గానీ దించమని యాడా రాయలేదు గదన్నా. నిచ్చెన గూడా లేదు. దానికీ అర్జీ పెట్టినాం."

"అదేమాయ?"

శేషప్ప మళ్లీ బీరువా పైకే చూపించాడు.

జూన్‌లో సున్నం కొట్టేవాళ్లు తమ నిచ్చెనతో వచ్చి కాగితాలన్నీ దించారు. అయ్యన్న తేదీ చూసి నిజంగానే నొచ్చుకున్నాడు. విద్యార్థిని పై తరగతికి వెళ్లినందున మూడో తరగతిని దించనవసరం లేదని ఉత్తర్వు రాశాడు. (నాలుగో తరగతి కూడా మేడ మీదే.) చివర సానుభూతిగా 'పుటప్ విత్' అని చేర్చాడు.

"ఈ విత్ ఏందన్నా?" అన్నాడు ముస్తాక్.

"విత్ అంటే తోడు. ఈసారి నీతోడు పైన పెట్టమన్నారు."

మర్నాడు ముస్తాక్ ఉత్తర్వును జేబులో, ఖుష్బూను భుజాన పెట్టుకుని ఇరవై రెండు మెట్లెక్కాడు. ఉత్తర్వు అమలైనట్టు శేషప్ప నమోదు చేశాడు.

ఆ వారమే ఇంగ్లీషు పాఠంలో 'పుటప్ విత్' వచ్చింది. ఓర్చుకోవడం అని అర్థం చెప్పి, సొంత వాక్యం రాయమంది టీచరు. 'నేను దాహం ఓర్చుకుంటాను' అని ఖుష్బూ ఇంగ్లీషులో రాసింది. వాక్యంలో ఏ తప్పూ లేనందున పదికి పది వేశారు.