మర్యాద గల సున్నా

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా సులువైనది. చేపల వ్యాపారి ఆఫీసుకు వస్తాడు. నమూనాగా కట్టిన కోల్డ్ రూములో ఆయన పంపిన చేపల బుట్టలున్నాయి. లోపల వేడి పెరిగితే అలారం మోగించే ప్రోగ్రాం ఆమెదే. ఆయన మెచ్చుకుంటే ఒప్పందం, ఒప్పందం కుదిరితే ఆమెకు టీం లీడర్ పదవి. ఇప్పటికే ఇద్దరు జూనియర్లు ఆమెను దాటుకుని వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని లేచారు. ఈసారి కూడా తప్పిపోతే తట్టుకోవడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

భర్తదీ అదే ఆఫీసు. మిగతా ప్రోగ్రామర్లు తీసుకుని వాడుకునే ఫంక్షన్లు, అంటే చిన్న చిన్న రెడీమేడ్ ప్రోగ్రాం ముక్కలు, రాసి ఆఫీసు కోడ్ లైబ్రరీలో పెట్టడం ఆయన ఉద్యోగం. అందరూ ఆయన్ని ‘పర్లేదుగారు’ అంటారు. ఇల్లు కారుతున్నా, ఒళ్ళు కాలుతున్నా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే.

"ఏమండీ, మీ థర్మామీటరు ఫంక్షన్ వాడుకున్నాను. ఇబ్బందేం లేదు కదా?"

"పర్లేదు," అన్నాడాయన, చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకుంటూ.

వ్యాపారి వచ్చాడు. స్క్రీన్ మీద సున్నా మెరుస్తోంది. మేనేజరు రెండు చేతులూ చాచి స్వాగతం పలికాడు.

"చూడండి, సున్నా డిగ్రీలు! చేపకి ఇంతకంటే స్వర్గం ఉంటుందా?"

వ్యాపారి ముక్కు ఎగబీల్చాడు. "స్వర్గం ఇలా కంపు కొడుతుందా అండీ?"

"కంప్యూటరు అబద్ధం చెప్పదు సార్. కావాలంటే నేనే లోపలికెళ్ళి చూసొస్తా," అంటూ మేనేజరు కోల్డ్ రూములో దూరాడు. తలుపు తనంతట తానే మూసుకుంది.

ఆమె భర్తను పక్కకు లాగింది.

"థర్మామీటరు పలక్కపోతే మీ ఫంక్షన్ ఏం చెబుతుంది?"

"సున్నా చెబుతుంది."

"చేపల గదిలో ఉండాల్సిందే సున్నా కదండీ! ఏది కొలతో, ఏది మౌనమో నాకెలా తెలుస్తుంది?"

"తప్పు జరిగిందని మొహం మీదే చెబితే అడిగినవాళ్ళు నొచ్చుకోరూ?"

పెళ్ళయిన నాటి నుంచీ తాను ఈ సున్నాతోనే కాపురం చేస్తున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది.

"నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ముందు తప్పుని తప్పని చెప్పించండి!"

ఆయన కీబోర్డు ముందు కూర్చున్నాడు. మర్యాదస్థుడికి కోపం నేర్పితే ఏమవుతుందో అదే అయింది. ఫంక్షన్ ఒక్క కేక పెట్టి ప్రోగ్రాం మొత్తాన్ని కూల్చేసింది. తలుపు తాళం నడిపేదీ ఆ ప్రోగ్రామే. స్క్రీన్ మీద ‘తప్పు జరిగింది’ అన్న ముక్క మిగిలింది, లోపలి నుంచి మేనేజరు తలుపు బాదడం మొదలైంది.

"ఏం తప్పు?" అంది ఆమె.

"అది రాయలేదు."

"ఎందుకు జరిగింది?"

"తప్పని చెప్పమన్నావు. చెప్పాను."

"ఇంటికొచ్చి తలుపు తట్టి, మీవాళ్ళలో ఎవరికో ఏదో అయిందని చెప్పి పారిపోతే ఎలా ఉంటుందండీ? ఏమైందో చెప్పాలి, ఎందుకో చెప్పాలి, నన్నేం చెయ్యమంటారో చెప్పాలి!"

ఆయన చెమటలు కక్కుతూ మళ్ళీ రాశాడు. ఈసారి తెర మీద వచ్చినదాన్ని వ్యాపారే పైకి చదివాడు. "థర్మామీటరు జవాబివ్వడం లేదు. దానికి కరెంటు అందడం లేదు. గోడ దగ్గర ప్లగ్గు చూడండి. అంతవరకూ కొలతని నమ్మకండి."

వ్యాపారి వెళ్ళి చూశాడు. కోల్డ్ రూముకీ థర్మామీటరుకీ కలిపి ఉన్న ప్లగ్గు నేల మీద పడి ఉంది. దాని స్థానంలో కాఫీ మిషన్ ప్లగ్గు ఉంది.

"ఇదెవరి పని?"

"మీ కోసమేనండీ!" అని లోపలి నుంచి మేనేజరు కేక వినిపించింది. "వేడివేడిగా కాఫీ ఇద్దామని పొద్దున్నే నేనే పీకా! ముందు తలుపు తియ్యండి బాబూ!"

ప్లగ్గు పెట్టగానే ప్రోగ్రాం మళ్ళీ పూర్తిగా నడిచింది, తలుపు తెరుచుకుంది. మేనేజరు వెంట వాసన కూడా వచ్చింది. వ్యాపారి ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఒప్పందం మీద సంతకం చేశాడు.

"మా మనుషులు సరుకు కుళ్ళినా నోరు విప్పరమ్మా. నీ మిషనైనా విప్పుతుంది."

మధ్యాహ్నం మేనేజరు స్నానం చేసి వచ్చి, ప్రదర్శనలో ఏ లోపమూ తలెత్తలేదని పై ఆఫీసుకు రాశాడు. సాయంత్రానికల్లా అందరికీ జవాబు వచ్చింది. ఆమె మాత్రం చూడలేదు, కోల్డ్ రూము కడిగిస్తోంది. భర్త చదివి, లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"మొహం అలా పెట్టారేం? ఏమైంది?"

‘పర్లేదు’ నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన మింగేశాడు.

"నీకు పదవి రాలేదు. లోపాలే లేవని మేనేజరు రాశాడు. లోపాలే లేని చోట లీడరెందుకని పై ఆఫీసు ఆ పోస్టునే ఎత్తేసింది. రేపు వ్యాపారి చేత జరిగిందంతా రాయిద్దాం. కింద నేనూ సంతకం పెడతాను."

ఆమె కళ్ళు నిండాయి. చీపురు గోడకు ఆనించి, ఆయన గుండీలు సరిచేసింది.

ఏమైందో, ఎందుకైందో, ఏం చెయ్యాలో మూడూ ఉన్న తప్పు కబురు ఆ ఆఫీసులో ఒక మనిషి నోట రావడం అదే మొదలు. అలాంటి కబుర్లు అందుకోవలసిన లీడర్ పదవి ఒక గంట క్రితమే రద్దయింది.