దొర ఉపవాసం

“ఈ బోధన్‌ల నేరం చేసినోడు తప్పించుకున్నడంటే, ఆ దినం నేను ఊర్లె లేనట్టే లెక్క సార్!”

మా మిత్రుడు భూమేష్ ఈ ప్రకటన చేసింది మా ఇంటి గడప దగ్గర, చెప్పులు విప్పుతూ. ఒక చెప్పు రాలేదు. ప్రకటన పూర్తయ్యేదాకా ఒంటికాలి మీదే నిలబడ్డాడు.

భూమేష్‌కు బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం ఉంది. బోర్డు మీద ‘ఆధార్, పాన్, లామినేషన్’ అన్న వరుస కింద ‘అపరాధ పరిశోధన’ అని కూడా రాయించాడు. ఇంతవరకు ఆయన పట్టుకున్న దొంగ ఒక్కడే. వాడు కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషని తర్వాత తేలింది.

“చెప్పున్రి సార్. శవం ఏడున్నది?”

“శవం లేదు భూమేష్. చేపలు కనవడ్తలేవు.”

“శవం కూడ మాయం!” అని భూమేష్ కళ్లు మూసుకున్నాడు. “ఇది మామూలు బుర్ర చేసిన పని గాదు.”

మా ముందుగదిలో గాజు తొట్టి ఉంది. అందులో నా భార్య సుమన పెంచిన ఆస్కార్ చేప ఉంది. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, జానెడున్నర పొడుగు, ఎదుటివాణ్ని లెక్కచేయని చూపు. ఆ చూపు వల్లనే సుమన దానికి దొర అని పేరు పెట్టింది. ఒక్కటే ఉంటుంది కదా, తోడు తెద్దామా అని నేనడిగితే, “దొరకు తోడంటే దొరంత ఉండాలె” అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ని.

పోయిన చలికాలంలో సుమన చనిపోయింది. ఇంట్లో నేనూ దొరా మిగిలాం.

మా బడికి వేసవి సెలవులు మొదలయ్యాక దొరకు తోడు కావాలనిపించింది. నిజామాబాద్‌లో అక్వేరియం దుకాణం నడిపే అనిల్‌కుమార్‌ను అడిగాను. “మస్తు శాంతమైనయి సార్, ఎవ్వరి జోలికి పోవు” అని చిటికెన వేలంత గప్పీలు ఇచ్చాడు. నిజమే, అవి ఎవరి జోలికీ పోలేదు. ఉత్తగానే పోయాయి. తర్వాత ఏంజెల్ చేపలు తెచ్చాను. అవీ మాయమయ్యాయి. తర్వాత గోల్డ్‌ఫిష్‌లు. నేను వెళ్లిన ప్రతిసారీ అనిల్‌కుమార్ మరింత ఆప్యాయంగా కుర్చీ తుడిచి వేసేవాడు.

ఆ రోజుల్లోనే దొర మేత మానేసింది. సుమన గుళిక చూపిస్తే చాలు, నీళ్లలోంచి ఎగిరి అందుకునేది. ఇప్పుడు నేను వేస్తే ఒకసారి చూసి మూలకు తిరుగుతోంది. ఇదీ దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. చేపలు మాయమవుతున్న సంగతి మాత్రమే భూమేష్‌తో అన్నాను.

భూమేష్ భూతద్దం తీసి తొట్టి చుట్టూ తిరిగాడు. “మూసిన మూత. మూత మీద ఇటుక. అంటే?”

“అంటే?”

“బయటి హస్తం!” భూతద్దం దొర ముఖం ముందు ఆగింది. “అయినా రూల్ ప్రకారం మొదటి అనుమానం గీయన మీదనే. నీళ్లల్ల తేలుతున్నయి ఏంది సార్?”

“పొద్దుగాల ఏసిన మేత. ముట్టలేదు. సుమన మీద బెంగ పెట్టుకున్నడని నాకనిపిస్తుంది.”

భూమేష్ గొంతు తగ్గించాడు. “ముందల ఏసిన మేతనే ముట్టనోడు హత్యలు చేస్తడా సార్? దొర నిర్దోషి. పాపం, దుఃఖంల ఉన్నడు.”

ఆ మాట నాకు నచ్చింది. అందుకే దాన్ని పరీక్షించలేదు.

అంతలో కిటికీలోంచి చేపల పులుసు వాసన వచ్చింది. భూమేష్ వీధిలోకి పరుగెత్తాడు, వెనకే నేనూ. ఎదురింట్లోంచి అదే వాసన, పక్కింట్లోంచీ అదే. ఆ రోజు మృగశిర కార్తె. ఊళ్లో చేప ఉడకని పొయ్యి వెతికితే గాని దొరకదు.

“దొంగ తెలివి సూసిన్రా సార్? ఊరంత చేపలు వండే దినాన్నే ఎంచుకున్నడు. వాసన వట్టుకొని ఎవన్నని పట్టుకుంటం!” అని, ఆ ఎవన్నో పట్టుకోవడానికి ఎదురింటి హన్మాండ్లు వంటగదిలోకి దూరి గిన్నె మూత ఎత్తాడు.

“ఏయ్! పులుసు మరుగుతుంది, చెయ్యి కాల్తది!” అన్నాడు హన్మాండ్లు.

“కాలింది. అది వదిలెయ్. ఇది గోల్డ్‌ఫిష్షేనా?”

“కొర్రమట్ట! నీ గోల్డ్‌ఫిష్షులు పది మింగినా దీనికి పంటికింద కూడ రావు.”

“పరిశోధకున్ని బెదిరిస్తున్నడు, గుర్తుంచుకోన్రి సార్” అన్నాడు భూమేష్ నాతో.

హన్మాండ్లు తల్లి అంజవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “వచ్చినోనివి కూసో భూమేషూ. రెండు ముక్కలు తిను.”

“నేను నీసు తినను అవ్వా. బుర్ర సల్లగుండాలె.”

“గట్లయితే గీ ఇంగువ బెల్లం ఉండ మింగు. మిర్గం నాడు చాపలు తిననోళ్లు గిదన్న తినాలె.”

“డ్యూటీల ఉన్న” అని భూమేష్ ఆ ఉండను చొక్కా జేబులో వేసుకున్నాడు.

అంజవ్వ నావైపు తిరిగింది. “నువ్వన్న తింటవా సారూ? మొన్న ఇచ్చిన కూర ఇచ్చినట్టే వాపస్ పంపినవు. ఇయ్యాల నేనే ఒస్త. నీ ముందట కూసుంట.” గిన్నె పట్టుకుని మా వెంటే వచ్చింది.

మా ఇంట్లో భూమేష్ నేరాన్ని మళ్లీ జరిపి చూపిస్తానన్నాడు. ఇటుక దించాడు, మూత తీశాడు. “దొంగ గిట్ల వంగిండు. చెయ్యి గిట్ల పెట్టిండు...” ఇంకొంచెం వంగాడు. జేబులోని బెల్లం ఉండ జారి నీళ్లలో పడింది.

మూలనున్న దొర ఒక్క ఊపున వచ్చి గుటుక్కున మింగింది. బెంగతో కుంగిన ప్రాణి కదలిక కాదది. 

మరుక్షణం దాని చెంపలు ఉబ్బాయి. తల అటూ ఇటూ విదిలించింది. ముందు బెల్లం బయటికి వచ్చింది. దాని వెనకే ఎర్రని తోక ఒకటి వచ్చింది. పొద్దుటి దాకా ఈదిన గోల్డ్‌ఫిష్‌ది.

అంజవ్వ గిన్నె పక్కన పెట్టి తొట్టిలోకి వంగింది.

“ఇగో, దొంగ” అంది అంజవ్వ. “ఆ పొట్ట సూడు సారూ, నిండు సూలాలి లెక్కున్నది. వీనికింక మేతెందుకు?”

“నాకు మొదటి నుంచి తెలుసు!” అన్నాడు భూమేష్. “నేరస్తునితోని నిజం కక్కిచ్చుడే నా ప్రత్యేకత. అందుకే ఇంగువ ప్రయోగం చేసిన.” ఆయన చెయ్యి ఇంకా మోచేతిదాకా నీళ్లలోనే ఉంది, గడియారంతో సహా.

నేను దొరను చూశాను. దొరకు దుఃఖం లేదు, కడుపు నిండింది అంతే. ఆ ఇంట్లో బెంగతో తిండి మానేసింది ఒక్కరేనని, అది దొర కాదని అప్పుడు అర్థమైంది.

నాకు నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చింది కాబట్టి ఎక్కడ ఆపాలో తెలియలేదు. అంజవ్వ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. అన్నంలో పులుసు పోసింది. నేను మొదటి ముద్ద తినేదాకా చూసింది, రెండో ముద్దకు ముఖం తిప్పుకుంది.

మర్నాడు నిజామాబాద్ వెళ్లి, తొట్టి గోడల పాచి తినే సక్కర్ చేపల్లో అన్నిటికంటే పెద్దదాన్ని అడిగాను. ఒళ్లంతా కవచంలాంటి పొలుసులు, దొర కంటే కొంచెం పొడుగే. అనిల్‌కుమార్ ముఖం వాడిపోయింది. “గింత పెద్దది ఎందుకు సార్? చిన్నయి మంచిగుంటయి గదా.”

“దొరకు తోడంటే దొరంత ఉండాలె” అన్నాను.

దొర కొత్త చేప ముందుకు వెళ్లి నోరు తెరిచింది. కొలత కుదరలేదు. మూసుకుంది. రెండు రోజులు అలిగి మూలన ఉంది. భూమేష్ రోజూ వచ్చి నేరస్తుణ్ని పరామర్శించాడు. తన బోర్డు మీద ‘నిజం కక్కించబడును’ అని ఇంకో వరుస చేర్పించానని చెప్పాడు.

మూడో రోజు నేను గుళిక చూపించగానే దొర నీళ్లలోంచి ఎగిరి నా వేళ్ల మధ్యనుంచి లాక్కుంది. చొక్కా చెయ్యి తడిసింది. తుడుచుకోకుండానే వెళ్లి అన్నం పెట్టుకుని, కంచంతో తొట్టి ముందుకొచ్చి కూర్చున్నాను.