తోలుకుర్చీ దొంగ చెప్పిన క్షమాపణ

అక్టోబరు పద్నాలుగు, మంగళవారం, టీ వేళ. స్థలం: నిన్నటిదాకా నా తోలుకుర్చీ ఉన్న మా ముందుగది. హాజరైనవారు: నా భార్య ఫిలిపా, పక్కింటి మిస్ పిగ్గట్, ఎదురింటి మేజర్ థ్రప్. ముగ్గురికీ డెబ్బై దాటాయి. ముగ్గురూ మా ఊరి డిటెక్టివ్ నవలల పఠన సంఘ సభ్యులు. నాలుగోవాణ్ణి నేను, ఆంబ్రోస్‌ను. దొంగను కూడా నేనే. ఆ సంగతి నాకొక్కడికే తెలుసుననుకున్నాను.

చర్చిలో జరిగే పాతసామాన్ల అమ్మకానికి నా కుర్చీ ఇచ్చేస్తానని ఫిలిపా ప్రకటించింది. లాటిన్ వ్యాకరణమంతా నేను ఆ కుర్చీలోనే జీర్ణించుకున్నాను. నిప్పుగూటి పక్కన ఆ మూల తప్ప ఈ ఇంట్లో నాదనదగిన చోటు లేదు. అందుచేత సోమవారం ఆవిడ చర్చిలో పూలు అమర్చడానికి వెళ్ళగానే, కుర్చీని తోపుడుబండి మీద వీధివెంట తిప్పి తోట చివరి షెడ్డుకు చేర్చి, దొంగలు పడ్డారని గగ్గోలు పెట్టాను.

ఫిలిపా పోలీసులను పిలవలేదు. కేకు చేసి, సంఘాన్ని పిలిచింది.

మేజర్ భూతద్దంతో తివాచీ మీద బోర్లా పడుకున్నారు. దొరికిన సాక్ష్యాన్ని నోట్లో వేసుకుని, "అల్లం బిస్కట్టు. మెత్తబడింది," అని తేల్చారు. ఆ తరువాత లేవలేకపోయారు. ఆయనను లేవదీసే ప్రయత్నంలో టీ బల్ల తలకిందులైంది.

"దొంగ మహా బలశాలి. అంత బరువు ఒక్కడే మోశాడు!" అన్నారాయన, మీసాల నుంచి టీ కారుతుండగా.

నా ఛాతీ నాకు తెలియకుండానే ఉబ్బింది.

"బలం మాటేమో గానీ, చూపు ఆనదు," అంది మిస్ పిగ్గట్. "నిన్న నేను కంచె కత్తిరిస్తుంటే, అవతల మీ గేటు స్తంభానికేదో ధడేల్‌మని తగిలింది. వెంటనే ఎవరో 'క్షమించండి' అన్నారు."

"స్తంభానికేగా? అందరం చెప్పేదే. మొన్న నేను పోస్టుడబ్బాకు చెప్పాను," అన్నారు మేజర్.

"నిజమే. కానీ ఈయన జవాబు కోసం ఆగాడు. అది పలకకపోయేసరికి, 'వాన వచ్చేట్టుందండీ' అని మాట కలిపాడు."

మూడు తలలూ నావైపు తిరిగాయి.

"మర్యాద కూడా నేరమేనా?" అన్నాను.

"కుర్చీ ఎక్కడ, ఆంబ్రోస్?" అంది ఫిలిపా.

"షెడ్డులో. అమ్మకానికివ్వనని మాటిస్తేనే తెస్తాను."

"తేవద్దు. నేనసలు ఇచ్చేదాన్నే కాదు. మా సంఘానికి బల్ల వేసుకోవడానికి ఆ మూల కావాలి. జరపమన్నప్పుడల్లా నీకు నడుం నొప్పి. అమ్మేస్తానంటే చాలు, నడుం దానంతటదే బాగుపడుతుందనుకున్నాను."

"అయితే నీకు ముందే తెలుసా?" మేజర్ నొచ్చుకున్నారు. "మరి నన్నెందుకు బోర్లా పడుకోనిచ్చావు?"

"మీకు సరదా కదా, మేజర్ గారూ!"

కుర్చీని నా ఇష్టపూర్వకంగానే తరలించాననీ, అది ఇకపై షెడ్డులోనే ఉండుననీ ఫిలిపా కాగితం రాసింది. రెండు కామాలు దిద్ది సంతకం చేశాను. అంతలో మేజర్ తన ఇంటినుంచి బల్ల తెచ్చారు. గుమ్మంలో అది నా మోకాలికి తగిలింది; దానికి క్షమాపణ చెప్పుకున్నాను. నా మూలలో నిలబెడితే, ఒక కాలు పొట్టిదై ఊగింది.

ఫిలిపా నా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఆ కాలి కింద భద్రపరిచింది.