ఖాళీ గిన్నెలు

ఆ ఉదయం ఇన్నయ్య వేసుకున్న పథకం చిన్నదే. చాయ్ తాగాలి, తార్నాక నుంచి నడుచుకుంటూ యూనివర్సిటీకి పోవాలి, కంప్యూటర్ మీద తన ప్రోగ్రామును ఈసారైనా చివరిదాకా నడపాలి. ఆ ప్రోగ్రాము ప్రతి లెక్కకూ యంత్రంలో కొత్త చోటు తీసుకునేది, పనైపోయాక వదిలేది కాదు. సగంలోనే జాగా నిండిపోయి యంత్రం చతికిలబడేది. వాడిన చోటును వెంటనే వదిలిపెట్టేలా నిన్ననే ఆదేశాలను చిల్లులుగా పొడిచిన కొత్త కార్డులు చేర్చాడు. ఆ గర్వం మనిషిని ఊరికే ఉండనిస్తుందా?

వంటింట్లో చాయ్‌కి గిన్నె దొరకలేదు. గూళ్ళ నిండా ఇరుగుపొరుగు వాళ్ళవే.

"గివన్ని ఈడెందుకున్నయే?"

"ఏదన్న వండి అందుల పోసియ్యాలె గద. ఉత్త గిన్నె ఎట్లిస్తం?" అంది భార్య భారతమ్మ.

"నా ప్రోగ్రాము రోగమే నీకు పట్టింది. పనైనంక ఎవలది వాళ్ళకియ్యాలె, అంతే!"

భారతమ్మ నవ్వి, సంచీ పట్టుకుని బౌద్ధనగర్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. ఇన్నయ్య గడపగడపకూ తిరిగి గిన్నెలన్నీ ఇచ్చేశాడు. చివరిది ముందు వాటాలో ఉండే ఇంటి యజమానురాలు సారలమ్మది.

"అందరియి ఇచ్చేసిన పెద్దమ్మా. తాళంచెవి గూడ ఉంచు," అని క్యాంపస్ దారి పట్టాడు.

'సాయంత్రం దాకా' అన్న మాట చెప్పడం మరిచాడు. సారలమ్మ ఖాళీ గిన్నెలోకి చూసింది, తాళంచెవి వైపు చూసింది. పొద్దున్నే భారతమ్మ సంచీతో వెళ్ళడం కూడా చూసింది. మాటైనా చెప్పకుండా ఇల్లు ఖాళీ చేస్తున్నారని నొచ్చుకుంది. ఆ వాటా మీద కన్నేసి కూచున్న నల్లకుంట బుచ్చిరాములుకు కబురు పంపింది.

క్యాంపస్‌లో యంత్రం గడగడా చివరిదాకా నడిచింది. ఇన్నయ్య ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఈల వేసుకుంటూ వచ్చేసరికి వాకిట్లో రిక్షా, రిక్షా మీద మంచం, పక్కన బుచ్చిరాములు.

"సామాన్లెప్పుడు తీస్తున్రన్నా?"

లాలాపేట దాకా చెప్పులరిగేలా తిరిగితే దొరికిన ఇల్లు అది. ఇది పోతే నడిచి వెళ్ళే దూరంలో మరొకటి దొరకదు.

లోపలికి పరుగెత్తితే వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. వెళ్ళిపోతున్నారని విన్న ఆడవాళ్ళు పులిహోర, సర్వపిండి, గారెలు తెచ్చి పెట్టారు. పొద్దున ఇచ్చిన గిన్నెలే నిండుగా తిరిగొచ్చాయి. సారలమ్మ కూడా ఒకటి పట్టుకుని కళ్ళొత్తుకుంటోంది.

"మేం పోతలేం పెద్దమ్మా!"

"ఆయనకు మాటిచ్చిన గద బిడ్డా. మంచం గూడ తెచ్చుకున్నడు."

అప్పుడే వచ్చిన భారతమ్మకు సంగతి అర్థమయింది. మొగుడి మీద కోపం ముంచుకొచ్చింది కానీ, దాన్ని తర్వాతకు ఉంచుకుంది. సారలమ్మ చేతిలోని గిన్నె అందుకుంది.

"సరే పెద్దమ్మా, పోతం. కని గిన్ని గిన్నెలు ఉత్తగ ఇచ్చి పోతమా? అన్నిట్ల ఏదన్న వండి పోసిచ్చినంకనే కదులుతం."

సారలమ్మ ఆలోచించింది. అందులో ఆమెకు వంక పెట్టడానికేమీ కనబడలేదు, పైగా ప్రాణం లేచొచ్చింది.

"గవి తీరినంక కబురు పెడ్త బిడ్డా," అని బుచ్చిరాములుకు చెప్పి, దారిలో తినమని ఒక గిన్నెలో గారెలు పెట్టి పంపింది.

ఇటు నుంచి ఒక గిన్నె వెళితే అటు నుంచి మరొకటి నిండి వచ్చేది. ఏళ్ళ తర్వాత ఇన్నయ్య కూతురి పెళ్ళి కూడా ఆ ఇంట్లోనే జరిగింది.